పడవలో ముందు సీటు

మా వైపు ఒక కాలం ఉండేది. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే పేరు తర్వాత అడిగేవాళ్లు, ముందు 'ఎవరి మనిషి' అని అడిగేవాళ్లు. ఆ రోజులను తలుచుకుంటే మా జిల్లా వాళ్లలో చాలామందికి దుమ్ము లేపుకుంటూ పోయే జీపులు, గోడల మీద ఒకరి రాతల మీద ఇంకొకరు పూసిన సున్నం, పొద్దుగూకక ముందే మూసేసే అంగళ్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం పడవ గుర్తొస్తుంది. (నవ్వుతారని తెలుసు. కడప జిల్లాలో పడవేమిటని పెళ్లైన కొత్తలో మా ఆవిడ కూడా నవ్వింది. ఆమెది కృష్ణ ఒడ్డున ఊరు. నీళ్ల మీద హక్కంతా తమదేనని ఆ వైపు వాళ్లకు ఒక నమ్మకం.) బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర పొద్దున్నుంచీ వరసలో నిలబడే ఊరివాణ్ని, ఈత రానివాణ్ని, మోకాలి లోతు మించి నీళ్లలో దిగి ఎరగనివాణ్ని, అలాంటి నేను పడవ నడిపాను. అది కూడా సరదా పుట్టి కాదు. మాట్లాడే మనిషి దొరక్క.

మాది చక్రాయపేట వైపు గుట్టల కింద పల్లె. మా నాయన, ఆయన నాయన గొర్రెలు మేపినవాళ్లు. నేను నాలుగు అక్షరాలు నేర్చుకున్నందుకు జమ్మలమడుగులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. బస్సు దిగిన రోజే పొరపాటు చేశాను. బస్టాండు ఎదురుగా రెండు టీ హోటళ్లుండేవి. ఎడమవైపుది ఒక పార్టీ వాళ్లది, కుడివైపుది ఇంకో పార్టీ వాళ్లది. మనిషి ఏ హోటల్లో టీ తాగుతాడో చూసి అతని ఓటు, చుట్టరికాలు, పగలు, అన్నీ చెప్పేసేవాళ్లు. ఆ సంగతి తెలియక పొద్దున ఎడమవైపు తాగాను. టీ నచ్చక సాయంత్రం కుడివైపు తాగాను. తెల్లారేసరికి ఎడమవాళ్ల లెక్కలో నేను కుడివాళ్ల వేగుని, కుడివాళ్ల లెక్కలో ఎడమవాళ్ల వేగుని. (రెండు హోటళ్లకూ పాలు పోసేది ఒకే ఇంటి బర్రెలని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ బర్రెలను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.)

నాతో ఎవరూ తగువు పెట్టుకోలేదు. తగువు పెట్టుకున్నా బాగుండేది, నాలుగు మాటలు వినిపించేవి. ఆఫీసులో ఫైలు అడిగేవాళ్లు, ఇచ్చేవాణ్ని. బజారులో ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్లు, నేనూ తప్పుకునేవాణ్ని. గది అద్దెకిచ్చిన అవ్వ ఒక్కతే పొద్దునొకసారి 'తిన్న్యావా' అని, సాయంత్రమొకసారి 'తిన్న్యావా' అని అడిగేది. మిగతా రోజంతా ఆ రెండు పలకరింపుల మధ్య గడపాలి. ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే గుండెలో దిగులు మొదలయ్యేది. ఆ రోజు గడ్డం మెల్లగా గీసుకునేవాణ్ని, గీసిన చోటే మళ్లీ గీసుకునేవాణ్ని, ఎంత సాగదీసినా టిఫిను వేళ కూడా అయ్యేది కాదు. గుట్టల్లో గొర్రెల వెంట పగలంతా ఒక్కణ్నే తిరిగినప్పుడు నాకు ఎన్నడూ అలా అనిపించలేదు. గొర్రెలు కనీసం తలెత్తి చూసేవి.

ఆ ఊళ్లో ఇంకో వింత కూడా గమనించాను. హోటల్లోకి ఎవరు వచ్చినా గోడకు ఆనుకున్న కుర్చీ కోసం చూసేవాళ్లు. వాకిలివైపు వీపు పెట్టి కూర్చోవలసిన కుర్చీలు ఎప్పుడూ ఖాళీ. మంగలి అంగట్లో కూడా అద్దంలో వీధి కనిపించేలా కుర్చీ తిప్పుకునేవాళ్లు. నేను పల్లెటూరి తెలివితో ఖాళీ ఉన్నది చూసి కూర్చునేవాణ్ని. దాంతో నా మీద అనుమానం ఇంకా గట్టిపడింది. అంత ధైర్యంగా వాకిలికి వీపు పెట్టాడంటే వీడి వెనక ఎంత పెద్దవాళ్లున్నారో అనుకున్నారట.

నా అవస్థ చూడలేక ఒక ఆదివారం అవ్వే దారి చూపింది.

"డ్యాము కాడ పడవల కలబ్బు పెట్టినారంట గదబ్బీ. పొయ్యి చేరుకో. ఆడన్నా నలుగురితో కలుచ్చావు."

"నాకు ఈత రాదవ్వా."

"పడవలో కూచ్చోడానికి ఈతెందుకు రా? బస్సెక్కి కూచ్చున్యాక పరిగెత్తుతాండావా?"

ఆ పూటే సైకిలు తీశాను.

క్లబ్బు కథ ఏమిటంటే, అంతకుముందు ఒక పెద్ద ఆఫీసరు ఉండేవాడట. రెండు పార్టీల పిల్లలూ ఒకే పడవలో కూర్చుని తెడ్లు వేస్తే కొట్లాటలు తగ్గుతాయని ఆయనకు తోచింది. ఎక్కడెక్కడో తిరిగి రెండు పడవలు తెప్పించి, డ్యాము గట్టున రేకుల షెడ్డు వేయించి, ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కట్టించాక బదిలీ అయిపోయాడు. పడవలు మిగిలాయి. నేర్పడానికి పెట్టిన మిలిట్రీ మామ మిగిలాడు. ఈయన పట్టాళంలో పనిచేసి వచ్చిన సాయిబు, పెద్ద మీసాలు, మెడలో విజిలు. పడవలు నేననుకున్నట్టు చేపల పడవలు కావు. మునగకాయలా సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చోవాలి. ఒకరి తెడ్డు కుడివైపు, ఇంకొకరిది ఎడమవైపు. ఇద్దరి ముఖాలూ ఒకే వైపు, అదీ పడవ పోయే దిక్కుకు కాదు, వదిలి వచ్చిన గట్టువైపు. అంటే ఎటు పోతున్నామో చూడకుండా వెనక్కి వెనక్కి పోవాలన్నమాట. ముందు సీటువాడు తెడ్డు వేసే వేగాన్ని నిర్ణయిస్తాడు, వెనకవాడు అతని వీపు చూస్తూ అదే వేగంతో వేస్తాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ముందు సీటులో కూర్చున్నవాడి వెనక, పొడుగాటి కట్టె చేతిలో పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. మా వైపు అలాంటి సీటులో ఎవడు కూర్చుంటాడు? క్లబ్బులో సభ్యులకేం తక్కువ లేదు, అందరూ వెనక సీటుకే సభ్యులు. నేను వెళ్లేసరికి రెండు పడవలూ షెడ్డులో బోర్లా పడుకుని ఉన్నాయి. సభ్యులు ఎడమ గోడకు కొందరు, కుడి గోడకు కొందరు వీపులు ఆనించి కూర్చుని ఉన్నారు.

"ఎవురి మనిషివప్పా?" అన్నాడు మిలిట్రీ మామ.

"ఎవురి మనిషినీ కాదు మామా."

"అట్లెట్ల? నీ యనక ఎవురో ఒగరు ఉంటారు గదా."

"నా యనక ఎవురూ ల్యారు. ముందర గొర్రెలుండేవి, ఇప్పుడు అవిగూడా ల్యావు."

ఆయన విజిలు నోట్లో పెట్టుకుని షెడ్డు అదిరిపోయేలా ఊదాడు. "అరే, దొరికినాడ్రా! ముందు సీటోడు దొరికినాడు!"

రెండు గోడల వాళ్లూ ఒకేసారి లేచి నా చుట్టూ మూగారు. ఒకరు నీళ్లిచ్చారు, ఒకరు నా సైకిలు నీడలో పెట్టారు. ఆ ఊరికి వచ్చాక నేను వచ్చినందుకు మనుషులు సంతోషించడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఎందుకు సంతోషించారో తెలిసేసరికి నేను నీళ్ల మధ్యలో ఉన్నాను.)

మొదటి రోజు నా వెనక కూర్చున్నది జీపబ్బి. ఆ పేరు నేను మనసులో పెట్టుకున్నదే, పైకి అన్నా అనే పిలిచేవాణ్ని. చుట్టుపక్కల పల్లెల్లో ఒక పార్టీని నడిపే పెద్దింటి చిన్న కొడుకు, నా ఈడువాడే. ఇంటి జీపు తీసుకొచ్చి దించేది, ఆయన గట్టెక్కేదాకా అక్కడే నిలబడేది. జీపుతోపాటు ఒక మీసాలాయన. జీపబ్బి ఎక్కడుంటే మీసాలాయన అక్కడ. నీళ్ల మీదికి మాత్రం రాలేడు కనుక గట్టున నిలబడి పడవ ఎటు పోతే అటు నడిచేవాడు.

పడవ కదలగానే నా తెడ్డు నీళ్లలో అడ్డంగా ఇరుక్కుంది. దాని పిడి వచ్చి కడుపులో ఎంత గట్టిగా పొడిచిందంటే పొద్దున తిన్న ఉగ్గాని గుర్తొచ్చింది. రెండోసారి తెడ్డు నీళ్లకు తగలనే లేదు, వెల్లకిలా పోయి జీపబ్బి ఒళ్లో పడ్డాను. గట్టు మీద నుంచి మామ అరుస్తున్నాడు. "ఇద్దురూ ఒగేతూరి ఏయండ్రా! ఒరే ముందు సీటోడా, నువ్వు చెప్పల్ల! నువ్వు చెప్తేనే వాడు ఏచ్చాడు!" ఏం చెప్పాలో నాకేం తెలుసు? భయంతో గొంతు తనకు తెలిసిన పని చేసింది. మంద చెదిరినప్పుడు మా నాయన వేసే కేక బయటికొచ్చింది. "హుర్ర్ర్... హో!" హుర్ర్ర్ అన్నప్పుడు ముందుకు వంగాం, హో అన్నప్పుడు తెడ్డు లాగాం. పడవ నీళ్లను కోసుకుంటూ జారింది.

"ఏందప్పా," అన్నాడు వెనక నుంచి జీపబ్బి, "నన్ను గొర్రెను చేసినావు?"

నా పని అయిపోయిందనుకున్నాను. గట్టున జీపు కనిపిస్తూనే ఉంది. అంతలో ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పడవ ఊగిపోయేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎంతకాలమైందో నవ్వి, దవడలు నొప్పి పుట్టాయి.

అప్పటి నుంచి ఆదివారం కోసం ఎదురుచూడడం మొదలైంది. నీళ్ల మధ్యకు పోయాక వినేవాళ్లు ఉండరు, మా ముఖాలు ఒకరికొకరు కనిపించవు. అలాంటి చోట మనిషికి మాట ఎలా వస్తుందో అప్పుడే చూశాను. జీపబ్బికి తిరుపతి పోయి చదువుకోవాలని ఉండేదట, కాపలా కుదరదని ఇంట్లో పంపలేదు. ఆయన ఎన్నడూ బస్సెక్కలేదు. "కిటికీ కాడ సీట్లో కూచ్చొని, ఏంచిన బుడ్డలు ఒలుచుకొని తినుకుంటా, ఒగన్నే యాడికన్నా పోవాలప్పా. ఊరూ పేరూ అడగకూడదు ఎవురూ" అనేవాడు. ఇంకోసారి, "నువ్వు బజార్లో ఒగనివే నడుచ్చాంటావు గదా, జీపులోనించి చూచ్చాంటా. కడుపు మండుతాది నాకు" అన్నాడు. నా బతుకును చూసి కడుపు మండేవాడు కూడా ఒకడున్నాడని విని నేను తెడ్డు వేయడం మరిచిపోయాను. చుట్టూ మనిషి లేక నేను, చుట్టూ మనుషులు వదలక ఆయన, ఇద్దరం ఒకే జబ్బు మనుషులం.

ఇతరుల వెనకా కూర్చోక తప్పేది కాదు, అదే, ఇతరుల ముందు. అవతలి పార్టీ నుంచి మిల్లాయన వచ్చేవాడు. వాళ్లకు నూనె మిల్లు ఉండేది. ఆయన వచ్చినప్పుడల్లా భార్య అలిగి పుట్టింటికి పోయిన సంగతే. పోయిన ఆదివారం పోయి ఉంటుంది, ఈ ఆదివారానికి వచ్చి ఉంటుంది, వచ్చే ఆదివారానికి మళ్లీ పోయేలా ఉంటుంది. అలా కొంతకాలానికి రెండు పార్టీల గుట్టూ నా వీపుకు తెలిసిపోయింది. నోటికి మాత్రం పని లేదు. గట్టెక్కగానే ఎవరి గోడకు వాళ్లు పోయేవాళ్లు. బజారులో ఎదురైతే పాత కథే, పక్కకు తప్పుకోవడమే. నీళ్ల మీద ప్రాణస్నేహితుణ్ని, నేల మీద ఎవరికీ ఏమీ కాను. మొదట్లో కంటే అప్పుడే ఎక్కువ బాధగా ఉండేది. తెలియనివాడు పలకరించకపోతే ఒకలా ఉంటుంది, తెలిసినవాడు పలకరించకపోతే ఇంకోలా ఉంటుంది. ఒక్కసారి, ఒక్కసారి జీపబ్బి పొడి నేల మీద నలుగురూ చూస్తుండగా నన్ను పేరు పెట్టి పలకరిస్తే చాలని ఉండేది. ఆ వయసులో నాకు ఉద్యోగం ఖాయం కావడం కంటే అది పెద్ద కోరిక.

ఆ కోరికతోనే ప్రొద్దుటూరులో భంగపడ్డాను. చొక్కా గుడ్డకని బట్టల అంగళ్ల బజారుకు పోయాను. ఒక అంగట్లో పరుపు మీద జీపబ్బి కూర్చుని ఉన్నాడు, గోడకు ఆనుకునే. పక్కన మీసాలాయన. నాకు ఆనందం పట్టలేదు. "అన్నా!" అని గట్టిగా పిలిచాను. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు. చూసి, వెనక గోడకున్న క్యాలెండరును చూసినట్టు చూశాడు.

"ఎవురన్నా ఈడు?" అన్నాడు అంగడాయన.

"ఏమో. నాకు తెలీదు" అన్నాడు జీపబ్బి.

గుడ్డ కొనకుండానే బస్సెక్కాను. జమ్మలమడుగు దాకా కిటికీ దగ్గర సీటే దొరికింది. జీపబ్బి కోరుకున్న ఆ సీటును ఎవరైనా తీసుకుంటే బాగుండనిపించింది. అంత అవమానం నా జన్మలో పడలేదనుకున్నాను. అవ్వ 'తిన్న్యావా' అంటే తిన్నానని అబద్ధం చెప్పి పడుకున్నాను.

మళ్లీ ఆదివారం పడవ నీళ్ల మధ్యకు పోయాక తెడ్డు ఆపేశాను. వెనక్కి తిరక్కుండానే అన్నాను. "అన్నా, ఈ తూరి నువ్వు ముందుకు రా. నేను యనక కూచ్చుంటా."

వెనక ఆయన తెడ్డు కూడా ఆగింది. నీళ్లు పడవకు తగిలే చప్పుడు వినిపిస్తోంది.

"మా నాయన నాకు నడక కంటే ముందు నేర్పిందే అదప్పా," అన్నాడు. "ఎవురికీ ఈపు చూపియ్యాకూడదని."

"నాకు గూడానా?"

"నీకని కాదప్పా. ఎవురికైనా."

"బజార్లో నేను ఎవురో తెలీదంటివే, అది గూడా మీ నాయనే నేర్పినాడా?"

"నువ్వు నాకు తెలుసని తెలిచ్చే ఇంగ నువ్వు బజార్లో ఒగనివే తిరగలేవప్పా. నామింద పెట్టుకున్న కోపం నీమింద తీర్చుకుంటారు. అది తెలీదా నీకు?"

తెలియదు. తెలిసినా ఆ వయసులో తలకెక్కేది కాదు. సాకు చెబుతున్నాడనుకున్నాను. గట్టెక్కి, ఇకమీద ఎవరికీ ముందు సీటులో కూర్చోనని మిలిట్రీ మామతో చెప్పి సైకిలు తీసుకుని వచ్చేశాను. అలక పడవెక్కిన తర్వాత దిగడం నాకు చేతకాదు. (ఆ పడవకు తెడ్లు కూడా అక్కర్లేదు.)

సరిగ్గా అప్పుడే క్లబ్బు వార్షికోత్సవం వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ముఖ్య అతిథి, ఆయన ఎదుట పడవల పందెం. రెండు పడవలు కనుక పార్టీకొకటి అని ఎవరూ అనకుండానే తేలిపోయింది. ఎవరి పడవలో వాళ్ల పార్టీ మనుషులిద్దరు కూర్చోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. మా వైపు సొంత పార్టీ మనిషికి వీపు చూపించడానికి ఇంకా ఎక్కువ ఆలోచిస్తారు. అందుకని ముందు సీటు కోసం రెండు పార్టీల జీపులూ ఒకే సాయంత్రం మా అవ్వ వాకిట్లో ఆగాయి. ఒకరు కలంగడి పండ్లు, అంటే పుచ్చకాయలు, బుట్టనిండా తెచ్చారు, ఇంకొకరు మిల్లు నూనె డబ్బా తెచ్చారు. ఇద్దరినీ కాదన్నాను. ఒక పడవెక్కితే ఆ పార్టీ మనిషినైపోతాననే జ్ఞానం నాకు ఉందని చెప్పుకోవాలని ఉంది కానీ, నిజంగా అది ఉత్త అలకే. జీపబ్బి తానుగా వచ్చి అడిగి ఉంటే పోయేవాణ్ని. ఆయన రాలేదు, మీసాలాయనను పంపాడు.

"మొన్నటిదాంక పలకరిచ్చే దిక్కు లేదని మొగం ఏలాడేసుకొని తిరిగితివి," అంది అవ్వ. "ఈ పొద్దు రొండు జీపులు వచ్చే, పొమ్మంటివి. నీ ఇకమతు ఏందో నాకు తెలీకుండా ఉందబ్బీ. నూనె డబ్బా అన్నా ఉంచుకొనింటే కాదా?"

పందెం రోజు డ్యాము గట్టు నిండిపోయింది. ఒక పార్టీ జనం ఈ కొసన, ఒక పార్టీ జనం ఆ కొసన, మధ్యలో షామియానా, అందులో ముఖ్య అతిథి. ఎవరికీ చెందని నేను షామియానా గుంజ పక్కన ఎండలో నిలబడ్డాను. పడవలు నీళ్లలోకి దిగాయి. ఒక దాంట్లో జీపబ్బి, మీసాలాయన. ఇంకో దాంట్లో మిల్లాయన, ఆయన బావమరది. చూస్తే ఏదో తేడాగా ఉంది. రెండు పడవల్లోనూ ఇద్దరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వీపు చూపించే అవసరం లేకుండా ముందు సీటు మేకులు ఊడదీసి, వెనక్కి తిప్పి బిగించారన్నమాట! ఒకరికి తెలియకుండా ఒకరు రెండు పార్టీల వాళ్లూ అదే ఆలోచన చేశారు. (బుర్రలు ఇంత బాగా కలిసినవాళ్లు ఎందుకు కొట్టుకునేవాళ్లో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

విజిలు మోగింది. నలుగురూ బలమంతా పెట్టి తెడ్లు లాగారు. ఒకడు పడవను ముందుకు లాగుతున్నాడు, వాడికి ఎదురుగా కూర్చున్నవాడు అంతే బలంగా వెనక్కి లాగుతున్నాడు, ఒకడి తెడ్డు ఇటు, ఇంకొకడిది అటు. పడవలు ఉన్నచోటే తిరగలిరాళ్లలా గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. ఎంత గట్టిగా లాగితే అంత వేగంగా తిరుగుతున్నాయి. "సీటు తిప్పినార్రా! మీ మొగాలు మండ, సీటు తిప్పినారు!" అని మిలిట్రీ మామ విజిలు నేలకేసి కొట్టాడు. మొదట అవతలి పడవను చూసి ఇవతలి జనం నవ్వారు, ఇవతలి పడవను చూసి అవతలి జనం నవ్వారు. కొంతసేపటికి ఎవరి పడవ వాళ్లకు కనబడింది. నవ్వులు ఆగిపోయాయి. "వాండ్లే ఏందో చేసినారు రా మన పడవను!" అని ఎవరో అరిచారు. రెండు కొసల్లోనూ మనుషులు లేచారు. డ్యాము గట్టంతా రాళ్లే, ఏరుకోవడానికి వంగితే చాలు. ముఖ్య అతిథి కుర్చీలోంచి లేచి తన జీపు ఎక్కడుందో చూసుకుంటున్నాడు.

ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. మంద చెదిరిపోతుంటే కాపరి గొంతు దానంతటదే లేస్తుంది. "హుర్ర్ర్... హో!" అని ప్రాణమంతా పెట్టి కేక వేశాను. గట్టు మొత్తం నా వైపు తిరిగింది. తిరుగుతున్న పడవలో జీపబ్బి తెడ్డు ఆపాడు. మీసాలాయన ఏదో అంటున్నాడు. జీపబ్బి మెల్లగా లేచి, రెండు చేతులూ పడవ అంచులకు ఆనించి, సీటు మీదే అటు తిరిగి కూర్చున్నాడు. వీపు మీసాలాయన వైపు, అదీ గట్టున అన్ని వేలమంది చూస్తుండగా. ముఖం మాత్రం షామియానా గుంజ పక్కనున్న నా వైపు. తెడ్డు పైకెత్తి పట్టుకుని ఎదురుచూశాడు.

"హుర్ర్ర్!" అన్నాను. ముందుకు వంగాడు. "హో!" లాగాడు. వెనక మీసాలాయన తెడ్డూ ఆ వేగానికే కలిసింది, పడవ సాఫీగా జారింది. హుర్ర్ర్, హో. ఎవరో ముసలాయన పకపకా నవ్వాడు. "రెడ్డి కొడుకును గొర్రెను తోలినట్టు తోలుతాండాడు చూడండ్రా!" ఆ నవ్వు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. నవ్వుతూ రాయి విసరడం ఎవరికీ కుదరదు. మిల్లాయన పడవ మాత్రం గాలికి తనంతట తాను గట్టుకు చేరేదాకా తిరుగుతూనే ఉంది. (ఆయన భార్య ఆ రోజు పుట్టింటి నుంచి పందెం చూడ్డానికే వచ్చిందట. సాయంత్రమే మళ్లీ పోయింది.)

గట్టెక్కి దండ వేయించుకుని జీపబ్బి నేనున్న వైపే వచ్చాడు. నేను గుంజ వదిలి ఒక అడుగు ముందుకేశాను. ఇప్పుడు పలకరిస్తాడు. వాళ్ల పార్టీ పెద్దాయన ఒకడు ముందుకొచ్చి, "అబ్బీ, ఆ కేక ఏసింది ఎవురు?" అని అడిగాడు.

"ఎవురో గొర్రెలాయప్పలే" అన్నాడు జీపబ్బి నన్ను దాటిపోతూ, నా వైపు చూడకుండా. జీపు వెళ్లిపోయింది. ఆ దుమ్ము తగ్గేదాకా నిలబడి, సైకిలు తోసుకుంటూ ఇంటికొచ్చాను. ఎక్కి తొక్కే ఓపిక కూడా లేదు.

మరుసటి ఏడు వానలు లేవు. డ్యాము ఎండిపోయింది, క్లబ్బు మూతపడింది. నెర్రెలిచ్చిన మట్టిలో పడవలు ఒరిగిపోయి ఉంటే వాటి చుట్టూ ఎవరివో గొర్రెలు మేశాయి. తర్వాత నన్ను పులివెందులకు, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బదిలీ చేశారు. పెళ్లైంది, పిల్లలయ్యారు. ఆ ఊళ్లలో అన్నేళ్లు తిరిగాక నాకూ గోడ కుర్చీ అలవాటైంది. ఎప్పుడు అలవాటైందో కూడా తెలియదు.

చాలా ఏళ్లకు ఒక పొద్దున ప్రొద్దుటూరులో హోటల్లో గోడకు ఆనుకుని కూర్చుని కారం దోశ తెప్పించుకున్నాను. బయట మూడు బండ్లు వరసగా ఆగాయి. హోటలంతా వాకిలి వైపు తిరిగింది. తెల్లబట్టల్లో, నెరిసిన తలతో జీపబ్బి లోపలికి వచ్చాడు. తండ్రి పోయాక పార్టీ ఆయన మీదనే పడిందని పేపర్లలో చదువుతూనే ఉన్నాను. గోడ పక్కనున్న వాళ్లంతా గబగబా లేచి కుర్చీలు ఖాళీ చేశారు. నేనూ లేవబోయాను.

"కూచ్చోప్పా" అన్నాడు. ఖాళీ చేసిన కుర్చీలన్నీ వదిలేసి వచ్చి నా ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెంట వచ్చిన మనుషులకు ఎక్కడ నిలబడాలో తోచలేదు.

"ఎవురన్నా ఈ సారు?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"నాకు తెలుసు ఈయప్ప" అన్నాడు. "మీరు బయటికి పొండి."

ఆయనకూ ఒక కారం దోశ చెప్పాను. నాది ఇంకా తుంచనే లేదు. మెల్లగా అన్నాను. "అన్నా, ఈపు వాకిలి పక్క పెట్టినావు."

"నువ్వు చూచ్చాండావు గదప్పా" అన్నాడు, చట్నీ గిన్నె దగ్గరికి జరుపుకుంటూ.

చూశాను. ఆ అరగంటా వాకిలి మీది నుంచి కన్ను తీయలేదు. లోపలికి వచ్చిన ప్రతివాణ్నీ పరీక్షగా చూశాను. విస్తరాకుల కట్ట మోసుకొచ్చిన మనిషిని అనుమానించాను, మజ్జిగ కుండ దించిన ముసలమ్మను అనుమానించాను. ఆయన మోకాళ్ల నొప్పులు చెప్పాడు, కూతురి చదువు చెప్పాడు. సగం నాకు వినపడనే లేదు. ఒకటి మాత్రం బాగా గుర్తుంది.

"ఒగసారి బస్సెక్కినాప్పా. పులివెందుల దాంక. కిటికీ కాడ సీటే."

"ఎట్లుండింది అన్నా?"

"కండక్టరు లేచి నిలబడ్య. బస్సులో అందరూ లేచి నిలబడిరి. అంత బస్సులో ఒగన్నే కూచ్చున్యా. బుడ్డలు గూడా గొంతు దిగలే." నవ్వాడు. అదే నవ్వు, పడవ ఊగిపోయిన నాటి నవ్వు. ఈసారి నవ్వుతున్నప్పుడు ముఖం చూశాను.

తిని లేచాడు. వాకిలి మెట్టు దిగుతూ ఆగి, ఇటు తిరక్కుండానే, "హుర్ర్ర్... హో!" అని ఒక కేక వేశాడు. ఆయన మనుషులు గొర్రెలెక్కడున్నాయా అని బజారు అటూ ఇటూ వెతికారు. బండ్లు వెళ్లిపోయాయి. నా దోశ చల్లబడిపోయింది, అయినా మొత్తం తిన్నాను.

ఆ తర్వాత మేము కలుసుకోలేదు. నేను రిటైరయ్యాను. పొద్దున పెన్న ఇసుకలో నడకకు పోయినప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరని రూఢి చేసుకుని ఆ కేక ఒకసారి వేస్తాను. ఎవరూ పలకరు. ఒకప్పటి ఆ పడుచు గుమాస్తా, అంటే నేనే, ఇప్పటి నన్ను చూస్తే, 'ఇంకా ఎవరైనా పలుకుతారని చూస్తున్నావా' అని నవ్వుతాడేమో. హోటల్లో గోడ కుర్చీ మాత్రం ఆ రోజుతో మానేశాను. వాకిలికి వీపు పెట్టి కూర్చుంటాను. వెనక నుంచి ఎవరైనా నెత్తిన సాంబారు పోస్తారని మా ఆవిడ గొణుగుతుంది. ఆమె రాని రోజుల్లో ఎదుటి గోడ కుర్చీ ఖాళీగానే ఉంటుంది, ఈసారి వాకిలి చూసే వంతు జీపబ్బిది. ఎవరైనా వస్తారా సార్, తీసుకోవచ్చా అని అడిగితే, కాసేపు ఉండనీ నాయనా అంటాను.